ఎనిమిదోనాటి చెయ్యి

టీకాల ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవారు నా దగ్గరికి వచ్చి సూది ఎలా పట్టుకోవాలని అడుగుతూ ఉంటారు. అది ఒక పూటలో వస్తుంది. నేను చెప్పాలనుకున్నది అది కాదు. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ దొరగారు ఎప్పుడు మెచ్చుకున్నారు అన్నది అసలే కాదు. ఈ పనిలో నేను రెండు పెద్ద తప్పులు చేశాను. మొదటిదానికి ఒక పిల్ల బలైపోయింది. రెండోదాన్ని ఒక తల్లి నా ఎదుట నిలబడి దిద్దింది. ఆ రెండూ చెబితే ఉద్యోగం ఏమిటో మీకే తెలుస్తుంది.

పని ఎలా ఉండేదంటే

మాది అమలాపురం. నాన్నగారు కొబ్బరి పీచు తాళ్ళు పేనేవారు. నాకు ఏడో ఏట అమ్మవారు పోసింది. మశూచి అన్న మాట మా ఇళ్ళలో ఎవరూ నోటితో అనేవారు కారు. నేను బతికాను, నా తమ్ముడు బతకలేదు. ముఖమంతా గుంటలు మిగిలాయి. వీధి బడిలో నేర్చిన నాలుగు అక్షరాలూ, ఆ గుంటల ముఖమూ చూసి నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఒకసారి అమ్మవారు పోసినవాడికి మళ్ళీ రాదు, జబ్బున్న ఊళ్ళోకైనా పంపవచ్చు.

ఇప్పటిలా మందు సీసాల్లో వచ్చే రోజులు కావవి. ఒక పిల్ల చేతి నుంచి ఇంకో పిల్ల చేతికి వెయ్యాలి. టీకా వేసిన పిల్ల చేతి మీద ఎనిమిదోనాటికి ముత్యంలాంటి పొక్కు లేస్తుంది. దాని చుట్టూ ఎర్రగా వలయం కడుతుంది. ఆ పొక్కులో తేటనీరు ఊరుతుంది. ఆ నీటిని సూది మొనతో తీసి తరువాతి పిల్లల చేతుల్లో గుచ్చాలి. పొక్కును బట్టి ఒక చెయ్యి నుంచి తొమ్మిది మొదలు పన్నెండు మంది వరకూ సరిపోతుంది. ఎనిమిదోనాడు దాటి రెండు మూడు రోజులైతే ఆ తేటనీరు పాలలా తెల్లబడి చీము పడుతుంది. దానితో వేస్తే ఊరికే పుండు లేచి మానిపోతుంది, పిల్లకి ఏ కాపుదలా ఉండదు. పైకి చూస్తే మాత్రం టీకా వేసినట్టే ఉంటుంది.

అంటే సరైన పొక్కు లేచి టీకా పొంగిందో లేదో తెలియాలన్నా, తరువాతి ఊరికి నీరు కావాలన్నా ఎనిమిదోనాడు అదే గుమ్మానికి తిరిగి వెళ్ళాలి. ఈ మాట నాకు మొదటి రోజే చెప్పారు. తలకెక్కడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది.

మా పై అధికారి రాజమహేంద్రవరం నుంచి వచ్చేవారు. చెడ్డవారు కారు. పుస్తకం మీద ప్రాణం. ఏ ఊళ్ళో ఎంతమందికి వేశాం, ఎంతమందికి పొంగింది అని గళ్ళు గీసి ఉండేది. ఆ గళ్ళు నిండుగా, రాత గుండ్రంగా ఉంటే ఆయనకు సంతోషం. పిల్లల చేతులు చూపించమని ఆయన ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే ఎంతో మేలయ్యేది. అయినా తప్పు ఆయన మీద తోసెయ్యను. ఆయన చూడకపోతే నేను చూడవద్దని ఎవరూ అనలేదు కదా.

బండారులంకలో

ఆ ఏడు పుష్యమాసంలో బండారులంకలో టీకాలు వెయ్యాల్సి వచ్చింది. టీకా నీరు ఊరిన పొక్కు చేతి మీద ఉన్న పిల్లను, దాని తల్లిని, అవతలి లంక నుంచి తీసుకురావాలి. గోదావరి పాయలో గాలి లేచి పడవలు ఆగిపోయాయి. మూడు రోజులు రేవులోనే ఉన్నాం. దాటి వచ్చేసరికి ఆ పిల్లకు పదకొండో రోజు. పొక్కు తెల్లబడింది. నేను చూశాను, నాకు తెలిసింది కూడా. కానీ ఊళ్ళో పెద్దలు అప్పటికే పన్నెండు మంది పిల్లలను కూర్చోబెట్టి ఉంచారు. వాళ్ళను ఒప్పించడానికి నెలరోజులు తిరిగాను. ఈ రోజు వెనక్కి పంపితే మళ్ళీ రారనుకున్నాను. వేసేశాను.

ఆ పన్నెండు మందిలో వెంకన్న అనే నేతగాడి కూతురు లక్ష్మి ఒకతె. ఐదేళ్ళది. సూది గుచ్చితే ఏడవలేదు. "అయిపోయిందా?" అని అడిగి, మగ్గం గుంటలో దిగి వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది.

ఎనిమిదోనాడు నేను బండారులంక వెళ్ళలేదు. అధికారి కొత్తపేట వస్తున్నారని కబురొచ్చింది. పుస్తకం పట్టుకుని అటు పోయాను. దారిలో బండారులంక మనిషి ఒకడు కనబడితే, "పిల్లలకి చేతులు పొంగేయా?" అని అడిగాను. "ఆయ్, అందరికీ పుళ్ళు లేచేయండి" అన్నాడు. పుండు వేరు, పొక్కు వేరు అని నాకు తెలుసు. అయినా పన్నెండు మందికీ పొంగిందని రాసేశాను. ఆ పేజీ చూసి అధికారి తల ఊపారు.

చైత్రంలో ఆ ఊళ్ళో అమ్మవారు పోసింది. మొదట వెంకన్న ఇంట్లోనే.

నేను వెళ్ళేసరికి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. మగ్గం ఆగిపోయింది. లోపల చాప మీద అరిటాకు పరిచి లక్ష్మిని పడుకోబెట్టారు. ముఖం గుర్తుపట్టేలా లేదు. తల్లి నాగమ్మ వేపరెమ్మతో విసురుతోంది. వెంకన్న బయటికి వచ్చి నాకు ఎదురుగా నిలబడ్డాడు. అతని గొంతులో కోపం లేదు.

"మీరు వేసేరు కదండీ. మరెందుకొచ్చిందండీ?"

ఆ ఊళ్ళో నెలరోజులపాటు, ఇది అమ్మవారి కోపం కాదు, జబ్బు, దీన్ని ఆపవచ్చు అని చెప్పినవాణ్ణి నేనే. ఆ మనిషి మొహం చూసి నేను అన్న మాట ఇది.

"అమ్మవారి చిత్తం వెంకన్నా. మన చేతుల్లో ఏముంది."

అతను తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నాలుగో రోజున లక్ష్మి పోయింది.

సూరమ్మ చెప్పిన మాట

ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానేస్తే ఎవరూ కారణం అడగరు, అదే సుఖమనిపించింది. రేవు దగ్గర పడవ కోసం కూర్చుని ఉండగా సూరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు మంత్రసాని. లక్ష్మి పుట్టినప్పుడు పురుడు పోసింది కూడా ఆవిడే. అరవై దాటిన మనిషి.

"లక్ష్మి చెయ్యి ఎనిమిదోనాడు చూసేరా బాబూ?" అని అడిగింది.

"లేదు."

"నేను చూసేను. పదో నాడు పిల్లకి నీళ్ళు పొయ్యడానికి ఎల్లేను ఆళ్ళింటికి. అది చీము పుండు. పక్కూరు నీలంకలో మీరు ఏసిన పిల్లల సేతులు నాకు తెల్సు, ఇలా లేవు. మీరొస్తారు, మీరే సూత్తారు కదా అనుకున్నాను."

ఆవిడ మళ్ళీ అంది.

"పురుడు పోసి బొడ్డు కోసేసి ఎల్లిపోతే మంత్రసాని అనరు బాబూ. మూడోనాడు ఎల్లాలి, బొడ్డు సూడాలి. ఐదోనాడు ఎల్లాలి, తల్లికి జొరమొచ్చిందేమో సూడాలి. పదకొండోనాటికి గాని నా పని అవ్వదు. పుట్టించడం ఎవరైనా సేత్తారు. ఎనక్కెల్లి సూడ్డమే మన పని."

నాకు ఈ వైద్యం నేర్పిన గురువు ఎవరంటే నేను సూరమ్మ పేరే చెబుతాను. ఆవిడకు అక్షరం రాదు.

పడవ ఎక్కలేదు. లేచి వెంకన్న ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే ఉండి చెప్పాను. నీరు పాతదని నాకు తెలుసనీ, తెలిసే వేశాననీ, తిరిగి రాలేదనీ, రాకుండానే పొంగిందని రాశాననీ, అమ్మవారి మీద పెట్టింది నా పిరికితనమనీ. నాగమ్మ తలుపు వెనక నుంచి వింటోంది. ఆవిడ ఏడుపు వినబడింది.

వెంకన్న నా వైపు చూడకుండానే, "ఈ మాట ఆ వేళే చెప్తే మిమ్మల్ని కొట్టేద్దునండి. ఇప్పుడు నాకు చెయ్యి లేవడం లేదు" అన్నాడు.

తరువాత తల ఎత్తాడు. "ఆ రోజు మా పిల్లతోపాటు ఇంకా పదకొండు మంది కూర్చున్నారు కదండీ. ఆళ్ళకీ అంతేనా?"

నా బుర్రకు అంతవరకూ తట్టలేదు. నా తప్పు గురించే ఏడుస్తున్నాను తప్ప, అదే పుండుతో ఊళ్ళో తిరుగుతున్న పదకొండు మంది పిల్లల సంగతి నాకు గుర్తు రాలేదు.

"అంతే," అన్నాను.

వెంకన్న కండువా భుజాన వేసుకుని అరుగు దిగాడు. మేమిద్దరం ఇంటింటికీ తిరిగాం. ప్రతి గుమ్మంలోనూ అతను పక్కన నిలబడితే నేను చెప్పాను. ఒక ముసలాయన నా మీద చెప్పు విసిరాడు. ఒకామె తలుపు వేసేసింది. వెంకన్న ఆ తలుపు దగ్గర నిలబడి, "అక్కా, నా పిల్ల ఎలాగూ పోయింది. నీ పిల్లాడున్నాడు" అన్నాడు. ఆ తలుపు తెరుచుకుంది.

ఇక మంచి నీరు కావాలి. ఏ ఊళ్ళో ఏ తల్లి దగ్గర ఏ వయసు పిల్ల ఉందో, ఏ పిల్ల చెయ్యి ఏ రోజుకి వచ్చిందో సూరమ్మకు నోటికి తెలుసు. మర్నాడు సాయంత్రానికి నీలంక నుంచి ఒక తల్లిని, సరిగ్గా ఎనిమిది రోజుల కిందట నేను టీకా వేస్తే పొక్కు లేచిన చంటిపిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పదకొండు మందికీ మళ్ళీ వేశాను. ఎనిమిదోనాడు వెళ్ళి ఒక్కొక్క చెయ్యీ వెలుతురులోకి తిప్పి చూశాను. తొమ్మిది పొంగాయి. రెండు పొంగలేదు, ఆ ఇద్దరికీ ఆ తొమ్మిదింటిలో ఒక చెయ్యి నుంచి తీసి వేశాను. ఆ వేసవిలో ఊళ్ళో చాలా ఇళ్ళలో అమ్మవారు పోసింది. ఆ పదకొండు మందిలో ఎవరికీ రాలేదు.

కొట్టివేతల పుస్తకం

పుస్తకంలో పాత పేజీ అడ్డంగా కొట్టేసి, పక్కన జరిగింది రాశాను. అంతటితో ఆగలేదు. అంతకు ముందు చూడకుండా రాసిన ఊళ్ళన్నీ మళ్ళీ తిరిగి, చేతుల మీద మచ్చలు చూసి, లేని చోట లేదని రాశాను. గళ్ళన్నీ చెదిరిపోయాయి.

అధికారి పేజీలు తిప్పి, "ఈ పుస్తకం దొరగారికి ఎలా చూపించనయ్యా? మిగతా తాలూకాల కంటే మనమే వెనకబడినట్టు కనిపించదా?" అన్నారు.

"వెనకబడే ఉన్నామండి," అన్నాను.

ఆయన కేకలు వెయ్యలేదు. రెండు నెలల తరువాత నన్ను రాజోలు వైపు వేశారు. దారీ తెన్నూ తక్కువ, వానాకాలం బురద. శిక్షే అనుకోండి. ఈ పనిలో నిజం రాస్తే మెచ్చుకుంటారని మాత్రం ఆశ పెట్టుకోకండి. నిజం రాస్తే రేపు ఎక్కడికి వెళ్ళాలో తెలుస్తుంది. దాని ప్రయోజనం అంతే, అది చాలు.

లాకుల దగ్గర

రాజోలు వైపు అప్పటికి కొత్త కాలువలు తవ్వి, నీళ్ళు ఆపి వదిలేందుకు లాకులు కట్టారు. ఒక లాకుకు ఇవతల అగ్రహారం, అవతల పొలాల్లో పనిచేసే మాలల పేట. ఆ పేటలో కొన్ని కుటుంబాలు కొత్తగా క్రైస్తవంలో కలిశాయి. అక్కడ ఐదుగురు పసిపిల్లలకు టీకా వేశాను. ఎనిమిదోనాడు వెళ్ళి చూస్తే ఒక్క పిల్లకే పొంగింది. మార్తమ్మ అనే ఆమె కూతురు, రూతు. మిగతా నలుగురి తల్లులూ భయపడి, నేను వెళ్ళిన వెంటనే పసుపునీళ్ళతో కడిగేశారట. వాళ్ళను కేకలేశాను.

అదే రోజు పొద్దున్న పక్క ఊళ్ళో అమ్మవారు పోసిందని తెలిసింది. అగ్రహారంలో అప్పటివరకూ నన్ను వీధిలోకి రానివ్వనివారు మనిషిని పంపారు. వెళ్ళాను. సోమిదేవమ్మగారని డెబ్బై ఏళ్ళ పెద్దావిడ వీధి అరుగు మీద ఉన్నారు. ఆవిడ కొడుకుల్లో ఇద్దరు చిన్నతనంలో ఈ జబ్బుతోనే పోయారు. మూడో కొడుకు బిడ్డ, ఆవిడ మనవడు, ఒళ్ళో ఉన్నాడు. తొమ్మిది మంది పిల్లలున్నారు, ఇవాళే వెయ్యాలన్నారు.

"ఇవాళ నా దగ్గరున్నది ఒక్క చెయ్యేనండి. పేటలో పిల్లది," అన్నాను.

మగవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఒకాయన, "వేరే ఎవరిదైనా దొరకదా?" అన్నారు.

"దొరుకుతుందండి, వారం పడుతుంది. అమ్మవారు పక్క ఊళ్ళో ఉంది."

సోమిదేవమ్మగారు వాళ్ళ మాట వినలేదు. నన్నే అడిగారు. "ఆ పిల్ల తల్లి ఒప్పుకుందా నాయనా?"

ఆమెను అడగాలని నాకు తోచనే లేదు. నేను సర్కారు ఉద్యోగిని కదా, రమ్మంటే వస్తుందనుకున్నాను. పేటకు వెళ్ళి అడిగాను. మార్తమ్మ పిల్లను గుండెకు హత్తుకుని వింది.

"వస్తానండి. పిల్లలకే కదా. కానీ ఆళ్ళంతా కూచుని, నేను పిల్లనెత్తుకుని ఎండలో నిలబడి ఉండాలంటే రానండి. సూది గుచ్చినప్పుడు ఇది ఏడుత్తాది, పాలివ్వాల. నాకూ కూచోడానికి చోటు చూపించండి."

ఆ మాట అగ్రహారంలో చెప్పాను. వాళ్ళ వీధిలో కుదరదు, పేటకు వాళ్ళు రారు. లాకు సర్కారుది, ఎవరి వీధీ కాదు. సోమిదేవమ్మగారు మనవణ్ణి ఎత్తుకుని ముందు నడిచారు. లాకు రాతి గట్టు మీద ఒక కొసన కూర్చున్నారు. రెండో కొసన మార్తమ్మ కూర్చుంది. మధ్యలో నేను. మిగతా తల్లులు ఒక్కొక్కరే వచ్చారు.

మొదటి పొక్కు తెరవగానే రూతు గుక్కపట్టి ఏడ్చింది. ఎండ ఎక్కుతోంది, నాకు తొందరగా ఉంది. పిల్లను గట్టిగా పట్టుకోమన్నాను. సోమిదేవమ్మగారు, "ఆగు నాయనా," అన్నారు. "పాలిచ్చుకో అమ్మాయీ. మేం ఉంటాం." అగ్రహారం తల్లులంతా ఆ పిల్ల పాలు తాగడం అయ్యేవరకూ కూర్చున్నారు. తరువాత తొమ్మిది మందికీ వేశాను. రూతు చేతిలో ఇక చుక్క మిగలలేదు. వెళ్ళేటప్పుడు వాళ్ళంతా కాలువలో దిగి తలస్నానాలు చేశారు, సోమిదేవమ్మగారితో సహా. మార్తమ్మ చూసింది. నేనూ చూశాను. జరిగింది జరిగినట్టు చెప్పాలి కాబట్టి ఇది కూడా చెబుతున్నాను.

ఎనిమిదోనాడు లాకు దగ్గరికే అందరినీ రమ్మన్నాను. తొమ్మిది చేతులూ చూశాను. ఎనిమిది పొంగాయి, అన్నిటికంటే బాగా సోమిదేవమ్మగారి మనవడి చెయ్యి. పొంగని తొమ్మిదో పిల్లకు మళ్ళీ వేద్దామని సూది తీస్తుండగా, అవతలి గట్టు మీద నుంచి మార్తమ్మ వచ్చింది. వెనక పేటలోని నలుగురు తల్లులు, వాళ్ళ పిల్లలు.

"ఆ రోజు టీకా కడిగేసేరని ఈళ్ళని మీరు కేకలేసేరు కదండీ," అంది నాతో. "నిజమే, తప్పే. కానీ నా పిల్ల నీరంతా అటే వేసేసేరు. మా పేటలో నలుగురికి పొంగలేదని మీ పుస్తకంలోనే రాసుకున్నారు. ఆళ్ళకి ఒక్క చుక్కన్నా ఉంచాలని మీకు తోచలేదేంటండి?"

తోచలేదు. అదే నా రెండో తప్పు. పక్క ఊళ్ళో జబ్బు అగ్రహారానికి ఎంత దగ్గరో పేటకూ అంతే దగ్గర. పొంగలేదని నా చేత్తో నేనే రాసుకున్న నలుగురు పిల్లలను, గొప్పింటివాళ్ళు పిలవగానే మరిచిపోయాను. ఎక్కడ పొంగిందో చూడడం నేర్చుకున్నాను గాని, ముందు ఎవరికి వెయ్యాలో చూడడం నేర్చుకోలేదు.

"తప్పయింది మార్తమ్మా," అన్నాను. ఆమె అగ్రహారం వాళ్ళ వైపు తిరిగి అంది.

"ఇప్పుడు మా పిల్లలకి కావాలండి."

ఒకాయన పిల్లను ఎత్తుకుని వెళ్ళబోయాడు. ఒక తల్లి తన కొడుకు చేతి మీద కొంగు కప్పింది. నేను ఎవరినీ అడగలేకపోయాను. అడిగే ముఖం నాకు లేదు.

సోమిదేవమ్మగారు లేచారు. రాతి గట్టు వెంబడి నడిచి, మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని మార్తమ్మకు రెండు బారల దూరంలో కూర్చున్నారు. పిల్లాడి చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"వీడిది బాగా పొంగింది నాయనా," అన్నారు. "ఇందులోంచి తియ్యి. ముందు ఆ నలుగురికీ వెయ్యి."